ప్లగ్గు ముట్టరాదు

అజాన్ చెప్పే దస్తగిరి చిచ్చాను మసీదు నుంచి పంపించేయాలని జహీరుద్దీన్ పట్టుబట్టాడు. ఆ మాట చెప్పడానికి గురువు గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. పొద్దున వచ్చిన కోపం మధ్యాహ్నమైనా దిగలేదు.

అది రంజాన్ నెల. ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. ఎర్రబండ ఊళ్ళో సగం మంది నాపరాళ్ళ గనుల్లో పనిచేస్తారు. తెల్లవారకముందు సహరీలో తిన్న నాలుగు ముద్దలతో, పొద్దు గూకేదాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా, ఆ ఎండలో రాయి కొడతారు. అలాంటి ఊరికి ఆ పూట ఉపవాసం, రోజా, చెడిపోయింది. చెడగొట్టింది దస్తగిరి చిచ్చా అని జహీరుద్దీన్ చెప్పాడు. ఊరు నమ్మింది.

జహీరుద్దీన్ మాటను ఊరు ఊరికే నమ్మదు. బస్టాండు దగ్గర అతనికి రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉంది. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైపోయినవి విప్పి, బిగించి, మళ్ళీ విప్పి తనంతట తానే నేర్చుకున్నాడు. లెక్కలు నోటితోనే చేస్తాడు. లోకంలో కొలిస్తే తెలియనిది ఏదీ లేదని అతని నమ్మకం.

గుట్ట కింద, మసీదును ఆనుకునే ఉన్న దర్గాలో ఉండే హజ్రత్ కరీముల్లా షా దగ్గరికి శిష్యుడిగా వచ్చిన మొదటి రోజు, తనకు కోపం ఎక్కువనీ, అది పోవడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పమనీ అడిగాడు. హజ్రత్ నవ్వి, చేతిలో ఉన్న జపమాల, తస్బీ, ఇచ్చి, దీన్ని తిప్పుకో అన్నాడు. ఆ రోజు నుంచి జహీరుద్దీన్ తస్బీతో పాటు, కోపం రాని రోజుల్ని కూడా లెక్కపెట్టుకుంటున్నాడు. పోయిన నెల హజ్రత్ కాళ్ళు పిసుకుతూ, ఇప్పుడు కోపం పూర్తిగా పోయిందని చెప్పాడు. హజ్రత్ కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మసీదులోని పెద్ద గడియారం జహీరుద్దీన్ చేసిందే. గోడకు తగిలించిన నల్లటి పెట్టె. దాని మీద ఎర్రటి అంకెలు. వాకిట్లో నిలబడినా కిటికీలోంచి కనిపిస్తాయి. సహరీ ముగిసే వేళకు, సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్ వేళకు దానంతట అదే సైరన్ మోగిస్తుంది. ఊళ్ళో గోడ గడియారాలు లేక కాదు, ఒక్కో ఇంట్లో ఒక్కో టైము చూపిస్తాయి. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. అందుకని ఊరంతా సైరన్ మాటే వింటుంది.

పెట్టె లోపల బొటనవేలంత బ్యాటరీ ఒకటి ఉంది. కరెంటు ఉన్నంతసేపూ అది నిండుతుంటుంది. కరెంటు పోతే బయట అంకెలు ఆరిపోతాయి కానీ, లోపల గడియారాన్ని ఆ బ్యాటరీ నడుపుతుంది. కరెంటు రాగానే అంకెలు సరైన టైముతో మళ్ళీ వెలుగుతాయి. పోయిన ఏడు రంజాన్‌లో ఎన్నిసార్లు కరెంటు పోయినా అది తప్పలేదు. "కరెంటు పోవచ్చు, నా గడియారం పోదు" అని జహీరుద్దీన్ అనేవాడు. గోడ మీద ప్లగ్గు పక్కన ఒక అట్ట కూడా అంటించాడు. ప్లగ్గు ముట్టరాదు అని దాని మీద ఎర్ర సిరాతో రాశాడు.

ఆ గడియారం వచ్చాక మౌజన్ దస్తగిరి చిచ్చా కూడా దాన్ని చూసే అజాన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పాత చేతి గడియారాన్ని, ఇక దీంతో పనిలేదని జహీరుద్దీనే గూట్లో పెట్టించాడు. గడియారం ఉన్న గదికి రెండు తాళం చెవులు. ఒకటి జహీరుద్దీన్ జేబులో. రెండోది దస్తగిరి చిచ్చా మెడలో, నల్లదారానికి.

ఇక ఆ పొద్దున జరిగింది ఇది.

సహరీ వంటల వేళ కరెంటు పోయింది. ఆడవాళ్ళు లాంతర్లు పెట్టుకుని రొట్టెలు కాల్చారు. వీధిలో ఎవరో, సైరన్ మోగుతుందా అని అనుమానం పడితే, జహీరుద్దీన్ దర్గా అరుగు మీద నుంచే, నిశ్చింతగా తినండి అని కేకేశాడు. కొంతసేపటికి కరెంటు వచ్చింది. అంకెలు వెలిగాయి. తింటుండగా ఏటి అవతలి పల్లె నుంచి అజాన్ వినిపించింది. వాళ్ళ గడియారం తప్పుంటుంది, మనది జహీర్ గడియారం కదా అనుకుని అందరూ ఇంకో గ్లాసు నీళ్ళు తాగారు. ఆ తర్వాత చాలాసేపటికి ఊరి సైరన్ మోగింది.

తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు ముగించి వాకిట్లోకి వచ్చేసరికి ఎండపొడ గోడ మీద పడుతోంది. అంత తొందరగా పొద్దు పొడవదు. జహీరుద్దీన్ తన చేతి గడియారం చూసుకున్నాడు. గోడ గడియారం దాదాపు అరగంట వెనక ఉంది.

ఊరంతా తెల్లవారాక తిన్నట్టు లెక్క. ఆ రోజు రోజా చెల్లదు. అయినా సాయంత్రం దాకా పస్తు ఉండాల్సిందే. పండగ అయ్యాక దాని బదులు ఇంకో రోజు ఉండాలి. రాయి కొట్టే వాళ్ళకు ఆ మాట చెబితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బుడన్ ఖాన్ అని గనిలో మేస్త్రీ ఉన్నాడు. పండగ కూడా ఈ గడియారం చూసి చేసుకుంటే వచ్చే బక్రీదుకు రంజాన్ సేమ్యా తాగొచ్చు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మహబూబ్ బీ అనే ముసలావిడ గోడ అవతల నుంచి, మా ఇంటిల్లిపాదికీ రోజా పోయింది, ఎవరు తిరిగిస్తారు అని అరిచింది.

జహీరుద్దీన్ గడియారం గదిలోకి పరుగెత్తాడు. వెనక మూత విప్పి మీటరు పెట్టి బ్యాటరీ చూశాడు. నిండుగా ఉంది. ప్రతి శుక్రవారం, జుమా రోజున, అలాగే చూస్తాడు, ప్రతిసారీ నిండుగానే ఉంటుంది. మరి టైము ఎలా వెనక్కి పోయింది? పెట్టె వెనక టైము మార్చే బొత్తాం ఉంది. ముందురోజు దస్తగిరి చిచ్చా గుడ్డ పెట్టి ఆ పెట్టెను తుడవడం అతను చూశాడు.

ఇంకేం కావాలి? లెక్క సరిపోయింది.

వాకిట్లోకి వచ్చి, అందరి ముందూ అరిచాడు. చేతకాని వాడివి ఎందుకు ముట్టుకున్నావన్నాడు. ఊరి రోజా నీ మసిగుడ్డతో తుడిచేశావన్నాడు. తాతల నాటి అలవాటుగా అజాన్ చెప్పుకుంటూ ఉండక యంత్రాలతో నీకేం పనన్నాడు. దస్తగిరి చిచ్చాకు డెబ్బై దాటాయి. ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు.

"బొత్తాం ముట్టలేదురా నేను."

"అబద్ధం కూడానా? తాళం చెవి ఇవ్వు."

ఆయన ఇవ్వలేదు. జహీరుద్దీన్ చెయ్యి చాపి మెడలో దారం పట్టుకుని లాగాడు. దారం తెగింది. ముసలాయన మెడ మీద ఎర్రటి గీత పడింది. ఎవరూ అడ్డం రాలేదు. దస్తగిరి చిచ్చా చెప్పులు వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నమాజుకు రాలేదు. ముప్పై ఏళ్ళలో ఆయన లేకుండా ఆ మసీదులో అజాన్ వినిపించడం అదే మొదలు.

ఇదంతా హజ్రత్ తన గదిలోంచి విన్నాడు.

ఇప్పుడు జహీరుద్దీన్ ఆయన ముందు నిలబడి, జరిగింది మొత్తం చెప్పాడు. కొత్త మౌజన్‌ను పెట్టాలన్నాడు. లేకపోతే గడియారం విప్పుకుని వెళ్ళిపోతానన్నాడు. హజ్రత్ అంతా విన్నాడు. ఆయన ముఖం కందిపోయి ఉంది. చివరికి అడిగాడు.

"కోపం పోయిందన్నావు?"

"ఇది నా కోసం వచ్చిన కోపం కాదు హజ్రత్. ఊరి కోసం."

"అట్లనా."

హజ్రత్ లేచాడు. కర్ర పట్టుకుని విసవిసా నడిచి గడియారం గదికి వెళ్ళాడు. జహీరుద్దీన్ వెనకే వెళ్ళి తాళం తీశాడు. ఆయన ఒక్క నిమిషం ఆ ఎర్ర అంకెల్ని చూశాడు. తర్వాత అట్ట మీద ఉన్నది చదివాడు. చదివి, ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అంకెలు ఆరిపోయాయి.

జహీరుద్దీన్ కంగారుగా, ఇఫ్తార్‌కు సైరన్ మోగాలి కదా అన్నాడు.

"నువ్వు ఎట్లుంటావో పొద్దున చూశాను. ఇది ఎట్లుంటుందో చూద్దాం" అన్నాడు హజ్రత్. ఆ గొంతులో దయ లేదు. చెయ్యి చాపి, జహీరుద్దీన్ చేతి గడియారం తీసి ఇమ్మన్నాడు. ఇచ్చాక, సాయంత్రం గుట్ట ఎక్కి సూర్యుణ్ణి చూసి అజాన్ చెప్పమన్నాడు. పొద్దు పూర్తిగా గూకాకే చెప్పాలి. తొందరపడి ఊరికి ఇంకో రోజా పోగొట్టొద్దు. అంత చెప్పి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా జహీరుద్దీన్ లోపల ఉడికిపోయాడు. దస్తగిరి మీద కోపం, ఇప్పుడు గురువు మీద కూడా. తప్పు చేసింది ఒకరు, శిక్ష ఇంకొకరికి. తస్బీ తిప్పబోయాడు. నాలుగు పూసలు తిప్పి జేబులో కుక్కాడు.

సాయంత్రం గుట్ట ఎక్కాడు. పడమటి వైపు గనుల మీద రాతిదుమ్ము తెరలా లేచి ఉంది. సూర్యుడు ఆ దుమ్ములోకి దిగాడు. దిగాక కనిపించలేదు. గూకాడా? దుమ్ము వెనక ఇంకా ఉన్నాడా? మేఘం అంచు ఎర్రగానే ఉంది. కింద మసీదు వాకిట్లో జనం ఖర్జూరాలు చేతిలో పట్టుకుని పైకి చూస్తున్నారు. చెప్పాలని నోరు తెరిచాడు. పొద్దున వాకిట్లో చూసిన ముఖాలు గుర్తొచ్చాయి. నోరు మూసుకున్నాడు. ఇంకొంచెం చూద్దాం అనుకున్నాడు. ఇంకొంచెం. కొలవడానికి చేతిలో ఏమీ లేదు.

ఏటి అవతల నుంచి అజాన్ వినిపించి, ముగిసిపోయింది. పొద్దున వాళ్ళ గడియారమే సరైనది. ఇప్పుడు కూడా వాళ్ళదే సరైనదా? ఏమో. అతనికి నమ్మకం చాలలేదు.

కింద నుంచి కేకలు మొదలయ్యాయి. వాళ్ళలో కొందరి చేతి గడియారాల్లో వేళ దాటిపోయి చాలాసేపైంది. అయినా తమ మసీదు అజాన్ వినకుండా నోట్లో ఏమీ వేసుకోరు. అది ఆ ఊరి పద్ధతి. బుడన్ ఖాన్ గొంతు అన్నిటికన్నా గట్టిగా వినిపించింది.

"ఏమప్పా జహీరూ, సూర్యుడికి కూడా నువ్వే బ్యాటరీ వేసినావా ఏంది?"

ఈసారి అందరూ నవ్వారు. జహీరుద్దీన్ చెవులు కాలిపోయాయి. పూర్తిగా చీకటి పడ్డాకే అజాన్ చెప్పాడు.

కిందికి దిగేసరికి అందరూ తింటున్నారు. అతని కోసం ఎవరూ జాగా ఇవ్వలేదు. పోయిన వారం దాకా, ఇటు రా జహీర్ భాయ్, మా పళ్ళెంలో తిను అని పిలిచిన వాళ్ళే. బుడన్ ఖాన్ గింజ ఉమ్మేసి, దస్తగిరి చిచ్చా ఏ రోజూ మమ్మల్ని ఇంతసేపు మాడ్చలేదు అన్నాడు. జహీరుద్దీన్ అతని మీదికి ఒక అడుగు వేశాడు. చెయ్యి కూడా లేచింది. పక్కనున్న వాళ్ళు నమలడం ఆపి చూశారు.

చెయ్యి దించి, గడియారం గదిలోకి దూసుకుపోయాడు. వీళ్ళకు చూపిస్తాను అనుకున్నాడు. గడియారం అంటే ఏమిటో చూపిస్తాను. ప్లగ్గు గోడలో గుచ్చాడు.

అంకెలు వెలిగాయి.

అవి మధ్యాహ్నం వేళను చూపిస్తున్నాయి. హజ్రత్ ప్లగ్గు లాగిన వేళ.

మొదట అతనికి అర్థం కాలేదు. హజ్రత్ మళ్ళీ వచ్చి బొత్తాం నొక్కాడేమో అనుకున్నాడు. తాళం చెవులు రెండూ తన జేబులోనే ఉన్నాయి. ఆ తర్వాత అర్థమైంది. ప్లగ్గు లేనంతసేపూ గడియారం నడవలేదు. ఆగిన టైమును లోపలి చిప్పు దాచుకుని, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దున కరెంటు ఎంతసేపు పోయింది? ఆడవాళ్ళు లాంతర్లతో వంట చేసినంతసేపు. దాదాపు అరగంట. సైరన్ ఎంత ఆలస్యం? ఈ లెక్కకు వేళ్ళు కూడా అక్కర్లేదు.

మీటరు తీశాడు. ఎర్ర తీగ, నల్ల తీగ బ్యాటరీకి ఆనించాడు. ముల్లు నిండుగా చూపించింది. ఎప్పటిలాగే. అలా ఆనించి ఉంచే, ఎడమ చేత్తో ప్లగ్గు లాగాడు. ముల్లు వణికి, కిందికి జారి, అడుగున పడిపోయింది.

మళ్ళీ పెట్టాడు. నిండుగా. లాగాడు. పడిపోయింది.

ఏడాదిగా ప్రతి జుమా రోజూ అతను కొలిచింది గోడలోంచి వచ్చే కరెంటును. ప్లగ్గు ముట్టరాదని రాసింది అతనే. తను కూడా ముట్టుకోలేదు.

మీటరు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. బయట నమాజుకు అందరూ లేచిన చప్పుడు, తర్వాత సర్దుకున్న చప్పుడు వినిపించాయి. లేచి హజ్రత్ గదికి వెళ్ళాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"బ్యాటరీ చచ్చిపోయింది హజ్రత్."

"ఎప్పుడు?"

"తెలీదు. కరెంటు ఉన్నంతసేపూ తెలీదు..."

ఆ మాట తనకే తగిలి జహీరుద్దీన్ ఆగిపోయాడు. హజ్రత్ అతని వైపు చూశాడు. చేతి గడియారం తీసి గడప మీద పెట్టాడు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

మర్నాడు జుమా. పొద్దున్నే జహీరుద్దీన్ కొత్త నల్లదారం కొని, దానికి తాళం చెవి కట్టుకుని, దస్తగిరి చిచ్చా ఇంటికి వెళ్ళాడు. గనుల దగ్గర రేకుల ఇల్లు. ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని కోళ్ళకు నూకలు వేస్తున్నాడు. జహీరుద్దీన్‌ను చూసి కూడా నూకలు వేయడం ఆపలేదు. మెడ మీద గీత ఇంకా ఉంది.

జహీరుద్దీన్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. బ్యాటరీ సంగతి చెప్పాడు. తనదే తప్పన్నాడు. గొంతు తగ్గించి, వీధిలో వాళ్ళకు వినపడకుండా చెప్పాడు. చెప్పి, తాళం చెవి ముందుకు చాపాడు.

దస్తగిరి చిచ్చా దాన్ని తీసుకోలేదు. ఒక కోడి ఇంకో కోడిని పొడుస్తుంటే అదిలించాడు. తర్వాత తిరిగాడు. ఆ కళ్ళలో కోపం చూసి జహీరుద్దీన్ వెనక్కి జరిగాడు.

"అరిచింది నలుగురిలో. ఇప్పుడు చెవిలో చెప్పడానికి వచ్చినావా? నిన్న రాత్రి నా మనవరాలు అడిగింది, తాతా నువ్వు అబద్ధం చెప్పినావా అని. దానికేం చెప్పాల నేను?"

జహీరుద్దీన్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎక్కడ తెంచినావో అక్కడ కట్టు" అని, దస్తగిరి చిచ్చా లోపలికి వెళ్ళిపోయాడు.

జుమా నమాజుకు మసీదు నిండింది. గనులకు ఆ పూట సెలవు. వాకిట్లో కూడా చాపలు పరిచారు. ఆఖరి వరసలో, చెప్పులు విడిచే చోట, దస్తగిరి చిచ్చా కూర్చుని ఉన్నాడు. మాట్లాడటానికి వచ్చినవాడిలా లేడు. వినడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

నమాజు ముగిశాక జహీరుద్దీన్ లేచి, గడియారాన్ని గదిలోంచి మోసుకొచ్చి అందరి ముందూ పెట్టాడు. తీగ తెచ్చి ప్లగ్గు పెట్టాడు. అంకెలు వెలిగాయి. చేతి గడియారంతో చూసి టైము సరిచేశాడు. అందరూ చూడండి అని, ప్లగ్గు లాగాడు. జనం గుసగుసలాడారు. కొంతసేపయ్యాక మళ్ళీ పెట్టాడు. చేతి గడియారం విప్పి బుడన్ ఖాన్ చేతికిచ్చి, రెండూ చదవమన్నాడు.

బుడన్ ఖాన్ చదివాడు. గోడ గడియారం వెనకబడి ఉంది.

దస్తగిరి చిచ్చా బొత్తాం ముట్టుకోలేదని జహీరుద్దీన్ చెప్పాడు. బ్యాటరీ పోయిందని, తను ప్రతి వారం తప్పుగా చూశానని చెప్పాడు. నిన్న చీకట్లో, నిశ్చింతగా తినండి అని కేకేసింది కూడా తనేనని చెప్పాడు. ఊరి రోజా పోయింది తన వల్ల.

అప్పుడు కేకలు మొదలయ్యాయి.

ముసలాయన మెడలో దారం తెంచినప్పుడు నీ మీటరు యాడ పెట్టుకున్నావని ఒకడు. ఎండలో ఇంకో రోజు పస్తుండాలి, నువ్వొచ్చి మా బదులు రాయి కొడతావా అని ఇంకొకడు. గోడ అవతల నుంచి మహబూబ్ బీ, ఈ పిల్లోడికి ముందు దిష్టి తియ్యాల, తర్వాత చెంప వాయగొట్టాల అంది. బుడన్ ఖాన్ చేతి గడియారాన్ని వెనక్కిస్తూ, ఇది కూడా ఒకసారి చూసుకో భాయ్ అన్నాడు. నవ్వులు. ఆ నవ్వుల్లో మందలించే ప్రేమ ఏమీ లేదు. ఎండకు ఎండిన మనుషుల కోపం అది, న్యాయమైన కోపం.

జహీరుద్దీన్ నిలబడే ఉన్నాడు. దవడ బిగిసి ఉంది. మెడ నరం కొట్టుకోవడం ముందు వరసలో వాళ్ళకు కనిపించింది. ఒకసారి నోరు తెరిచాడు. నిన్న పొద్దున మీరూ అక్కడే ఉన్నారు కదా, ఒక్కరైనా అడ్డం వచ్చారా అనాలనిపించింది. నిజమే కూడా. నోరు మూసుకున్నాడు.

కేకలు తగ్గాక, చివరి వరసలోంచి దస్తగిరి చిచ్చా లేచాడు. జనం జరిగి దారి ఇచ్చారు. వచ్చి జహీరుద్దీన్ ముందు నిలబడి, టోపీ సర్దుకుని, మెడ వంచాడు. జహీరుద్దీన్ జేబులోంచి దారం తీశాడు. మొదటిసారి ముడి జారిపోయింది.

"గట్టిగా వెయ్యి. చూసే ముడి వెయ్యి" అన్నాడు ముసలాయన. ఆ గొంతులో క్షమించినట్టు ఏమీ లేదు. అయినా ముడి పడేదాకా మెడ వంచే ఉంచాడు. తర్వాత గడియారం గదిలోకి పోయి, గూట్లోంచి తన పాత చేతి గడియారం తీసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, చేతికి కట్టుకున్నాడు.

జనం వెళ్ళిపోయారు. వాకిట్లో చాపలు చుడుతున్నారు. జహీరుద్దీన్ గడియారాన్ని మళ్ళీ గోడకు తగిలించాడు. సాయంత్రం టౌనుకు పోయి కొత్త బ్యాటరీ తేవాలి. ప్లగ్గు పక్కన అంటించిన అట్టను గోరుతో గీకి పీకేశాడు. వెనక కర్ర చప్పుడైంది. తలుపు దగ్గర హజ్రత్ నిలబడి ఉన్నాడు.

ఆయన మీటరు వైపు చూశాడు. దాన్ని తీసి, ఎర్ర తీగ, నల్ల తీగ రెండూ జహీరుద్దీన్ చేతికి ఇచ్చాడు. ఇచ్చి, కర్ర కొనతో అతని గుండె మీద మెల్లగా తట్టాడు.

"ఇందాక వాళ్ళు అరుస్తున్నప్పుడు, లోపల ఓర్పు ఎంత చూపించింది?"

కోపం రాని రోజులు ఎన్ని లెక్కపెట్టుకున్నాడో అది చెప్పాలని జహీరుద్దీన్‌కు అనిపించలేదు. తల దించుకున్నాడు.

"అడుగున ఉంది హజ్రత్. మొత్తం అడుగున."

హజ్రత్ తల ఊపాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఆయన ముఖంలో కోపం కనిపించలేదు.

"ఈరోజే కొలిచినావు" అన్నాడు.